బాతు పెట్టిన రెండు దరఖాస్తులు

మా బడిలో ఆ అమ్మాయిని అందరూ బాతు అనేవాళ్ళు. హాజరు పట్టీలో ఉన్న పేరు పెట్టి పిలిస్తే, అది తనదేనా అని ఒక్క క్షణం ఆలోచించుకుని మరీ పలికేది. నేను లెక్కల టీచర్ని. ఆరో తరగతి నుంచి ఆమెకు క్లాస్ టీచర్ని కూడా. మారుపేర్లు పెట్టకూడదని పిల్లలకు ఏటా మొదటిరోజే గట్టిగా చెప్పేదాన్ని. అంత చెప్పిన నేనే నాలుగు నెలలు తిరిగేసరికి "బాతూ, కాస్త బోర్డు తుడువమ్మా" అంటున్నాను.

పేరుకు కారణం ఆమె నడక. మామూలు నడక కాదు, పందెం నడక. ఆ ఆట చూడనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. అందులో పరుగెత్తకూడదు. ఎంత వేగంగా పోయినా ఏదో ఒక పాదం నేలను తాకుతూనే ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలకు ఆనినప్పటి నుంచి ఒళ్ళు దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఈ రెండూ పాటిస్తూ వేగం పెంచాలంటే నడుము అటూ ఇటూ తిరుగుతుంది, మోచేతులు డొక్కల పక్కన ఊగుతాయి. దూరం నుంచి చూస్తే ఎవరికో కొంప మునిగిపోయే పనిబడి, పరుగెత్తడానికి మాత్రం మొహమాటపడుతున్నట్టు ఉంటుంది. చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది.

ఒకరోజు బడికి ఆలస్యమై నేను పరుగులాంటి నడకతో పడుతూ లేస్తూ వస్తున్నాను. వీపున పుస్తకాల సంచితో ఆ పిల్ల నన్ను దాటిపోయింది. "గుడ్ మార్నింగ్ టీచర్" అన్న మాట పూర్తయ్యేసరికి పది గజాలు ముందుంది. ఆమెకు ఆయాసం లేదు. నేను మాత్రం స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ కింద కూలబడ్డాను. ఆ తర్వాత నేను నవ్వలేదు.

ఆమెను ఈ ఆటలోకి లాగింది ఒక మీటర్ రీడర్. పెద్ద టౌన్లో ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం ఆమెది. వయసులో ఉన్నప్పుడు పందెం నడకలో పేరు తెచ్చుకున్న మనిషి. రోజూ డ్యూటీకి ముందు అక్కడి స్టేడియంలో తొమ్మిదిమంది పిల్లలకు నేర్పేది. వాళ్ళంతా ఆమెను మీటర్ మేడమ్ అనేవాళ్ళు. బడుల మధ్య జరిగిన పరుగు పోటీలకు ఆమె పర్యవేక్షణకు వచ్చింది. మా బాతు ఎనిమిది వందల మీటర్ల పరుగులో చివరి నుంచి రెండోది. పందెం అవగానే నీళ్ళ కుళాయి వైపు వెళ్ళింది. మీటర్ మేడమ్ వెనకే వచ్చి, "పరుగులో వెనకబడ్డావు గానీ కుళాయి దగ్గరికి అందరికన్నా ముందొచ్చావు. ఏదీ, ఇంకోసారి నడువు, చూద్దాం" అంది. అదీ మొదలు.

వాళ్ళది సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదుల ఇల్లు. తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. కుట్టి వచ్చిన కాలర్లను ట్యూబ్‌లైటు కింద నిలబడి పరీక్షించి, తేడా ఉన్నవాటిని పక్కకు తీసేయడం ఆమె పని. తండ్రి లారీ మీద ఉంటాడు, నెలకు మూడు రోజులు ఇంటిపట్టున కనిపిస్తాడు. కూతురికి నడక నేర్పడానికి కోచ్ కుదిరిందని విన్నప్పుడు ఆయన బూట్లు విప్పుతున్నాడట. "నడకకి కోచ్ ఏంటే? ఏడాది నిండకముందే నడిచావు గదా, అప్పుడెవరు నేర్పారు?" అన్నాడట. అయినా తర్వాతి ట్రిప్పు నుంచి వచ్చేటప్పుడు పిల్లకు పల్చటి అడుగున్న బూట్లు తెచ్చాడు. ఒక సైజు పెద్దవి.

స్టేడియంకి బస్సులో రెండు గంటల ఇరవై నిమిషాలు. అందుకని ఆదివారం మాత్రమే వెళ్ళేది. మిగతా ఆరు రోజులూ గోదాముల వెనక రోడ్డు మీద ఒంటరిగా నడిచేది. ఆదివారం దిద్దుకున్న నడక శుక్రవారానికి మళ్ళీ చెడేది. మోకాలు వంగడం తనకు తెలియదు కదా. పక్కన చూసే కన్ను ఉండాలి.

ఆ స్టేడియంకి రెండు కిలోమీటర్ల దూరంలో ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలు ఉంది. మంచి పేరున్న బడి. ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ మాత్రమే కొత్తవాళ్ళను చేర్చుకుంటారు. ఏడో తరగతి సగంలో ఉండగా బాతు ఆ దరఖాస్తు ఫారం నా బల్ల మీద పెట్టింది. పన్నెండు పేజీలు.

"టీచర్, ఇందులో మీరు నింపాల్సింది రెండు పేజీలు. పెన్సిల్‌తో రాసి చూసుకుని తర్వాత పెన్నుతో రాయండి, కొట్టివేతలు ఉండకూడదంట" అంది. పన్నెండేళ్ళ పిల్ల నాకు జాగ్రత్తలు చెబుతోంది.

నా పేజీలు నేను నింపాను. తర్వాత ఆమె నింపినవి తిరగేశాను. ఆటల పేజీలో హాకీ, బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఈత అని గళ్ళు అచ్చేసి ఉన్నాయి. కింద స్కేలు పెట్టి ఇంకో గడి గీసి, "నడక" అని రాసి టిక్కు పెట్టింది. ఇటీవలి ఫలితం అన్నచోట ఇలా ఉంది: "జిల్లా పోటీ, మూడు కిలోమీటర్లు. చివరి రౌండ్‌లో అనర్హురాలిగా ప్రకటించారు. కారణం, ఎడమ మోకాలు."

జరిగింది నాకు తెలుసు. ముగ్గురు జడ్జీలు విడివిడిగా ఎర్ర కార్డు రాస్తే పందెం నుంచి తప్పించేస్తారు. ఆమెకు మూడో కార్డు ముగింపు గీత ఇంకా రెండు వందల మీటర్లుందనగా పడింది.

"ఇది రాయాలా? అంతకుముందు మన బడి పోటీలో ఫస్టొచ్చావుగా, అది రాయి. ఇది వాళ్ళకి తెలియను కూడా తెలియదు" అన్నాను.

"మన బడి పోటీలో నడిచింది నలుగురం టీచర్. అందులో ఒకమ్మాయి మధ్యలో ఇంటికెళ్ళిపోయింది."

"అయినా ఫస్టు ఫస్టేగా."

"కానీ ఇది రాయకపోతే నాకు కోచ్ ఎందుకు కావాలో వాళ్ళకెలా అర్థమవుతుంది? ఫస్టు అని రాస్తే, ఇంకేం, బాగానే నడుస్తున్నావుగా అంటారు."

పాతికేళ్ళుగా పిల్లలకు ప్రతి మెట్టూ రాయమని, కారణం లేకుండా జవాబు వేయొద్దని చెబుతున్నదాన్ని. ఫారం వెనక ఒక ఉత్తరం కుట్టి ఉంది. వారానికి మూడు రోజులు పొద్దున ఐదున్నర నుంచి ఏడింటిదాకా స్టేడియంలో సాధనకు వెళ్ళనివ్వాలని అడిగింది. ఏమీ దాచకుండా రాసింది కాబట్టి నేను మారు మాట్లాడకుండా కవరు అంటించాను.

రాతపరీక్ష బాగా రాసింది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన రోజున ఫ్యాక్టరీలో సరుకు పంపే హడావుడి. తల్లికి సెలవు దొరకలేదు. నేను తోడెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉండడంతో వరండా బెంచీ మీద కూర్చున్న నాకు అన్నీ వినిపించాయి. లోపల ప్రిన్సిపాల్, ఇద్దరు టీచర్లు, డ్రిల్లు మాస్టారు. డ్రిల్లు మాస్టారు హుషారైన మనిషిలా ఉన్నాడు. "ఏదమ్మా, ఈ పందెం నడక ఎలా ఉంటుందో ఇక్కడ నాలుగడుగులు నడిచి చూపించు" అన్నాడు.

తర్వాత బాతు గొంతు వినబడింది. "ఇక్కడ వద్దు సార్. నేల బాగా నున్నగా ఉంది, ఈ చెప్పులు జారతాయి. తప్పుగా నడుస్తాను. మీరు ఆ తప్పు నడక చూసి ఇదే కాబోలు అనుకుంటారు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుల్లో ప్రిన్సిపాల్ నవ్వు లేదని తర్వాత బాతే చెప్పింది. "ఆవిడ ఏదో రాసుకున్నారు టీచర్. తలకిందులుగా చదవడానికి ట్రై చేశాను గానీ దస్తూరి అర్థం కాలేదు."

నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. సీటొచ్చింది, అదీ మూడో ర్యాంకులో. రెండో పేరాలో మాత్రం, విద్యార్థినులను బడివేళలకు ముందు ఒంటరిగా బయటకు పంపే ఏర్పాటు లేదనీ, బయటి శిక్షణ మానుకునేందుకు ఒప్పుకుంటూ పదిరోజుల్లో సంతకం చేసి పంపాలనీ ఉంది.

ఆ సాయంత్రం తల్లి నన్ను ఇంటికి పిలిచింది. ఆ ఉత్తరాన్ని ఆమె అప్పటికే ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర నలిగిపోయింది. మొహం వెలిగిపోతోంది. కూతురు మాత్రం కిటికీ దగ్గర స్టూలు మీద బిగుసుకుని కూర్చుంది.

"చూడండి టీచర్ దీని వాలకం! ఇంత పెద్ద బళ్ళో సీటొస్తే ఎగిరి గంతెయ్యాల్సింది పోయి..."

"ఎగిరి గంతేస్తే ఎర్ర కార్డేనమ్మా" అంది బాతు.

నాకు నవ్వాగలేదు. తల్లి నవ్వలేదు.

"పదకొండేళ్ళ నుంచి ఆ లైటు కింద నిలబడుతున్నానే. కాళ్ళు పీకి, రాత్రి పక్క మీద ఎటు తిరిగినా నిద్ర పట్టదు. నువ్వన్నా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం చేస్తావని నా ఆశ. నువ్వేమో నడుస్తా నడుస్తా అంటావు. నడక ఎక్కడికి పోతుంది? చదువైపోయాక నడువు, ఎవరొద్దన్నారు?"

"అప్పటికి నాకు రాదమ్మా."

ఎవరైనా ఆ పిల్లకు నచ్చజెప్పాలంటే మీటర్ మేడమే అనుకుని నేను ఫోన్ చేశాను. ఆవిడ కూడా, "చేరమనండి. నా కోసం చదువు వదులుకొమ్మని నేను ఏ పిల్లకీ చెప్పను. ఆదివారమైనా వదులుతారేమో అడగండి" అంది. పెద్దవాళ్ళం ముగ్గురం ఒకవైపు, బాతు ఒక్కతే ఒకవైపు.

తొమ్మిదోరోజు తను రాసిన జవాబు పట్టుకొచ్చి, అక్షరదోషాలు చూడమంది. ఒక్కటే ఉంది, దిద్దాను. ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ గుర్తు.

"మేడమ్ గారికి నమస్కారం. నాకు సీటిచ్చినందుకు కృతజ్ఞతలు. పిల్లల్ని పొద్దున్నే ఒంటరిగా బయటికి పంపకూడదన్న మీ నియమం మంచిదే. కానీ నడక మానేసి చేరితే నాకు మీ మీద రోజూ కోపంగా ఉంటుంది. కోపంగా ఉంటే నాకు చదువు ఎక్కదు. అందుకని ఈ ఏడాది చేరడం లేదు. తొమ్మిదో తరగతికి మళ్ళీ దరఖాస్తు పెడతాను. ఈలోగా నేను ఒంటరిగా వెళ్ళక్కర్లేని దారి వెతుకుతాను."

కింద తల్లి సంతకం ఉంది. ఎంత ఒత్తి పెట్టిందో, చివరి అక్షరం దగ్గర కాగితం చిరిగింది. పిల్ల మంకుపట్టుకు లొంగిందో, రెండో పేరా తనకూ నచ్చలేదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. సంతకమైతే పెట్టింది గానీ ఆరు రోజులు కూతురితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, జడ వేసేది, అన్నీ చేసేది, మాట మాత్రం లేదు. "అమ్మ జడ కూడా గట్టిగా లాగడం లేదు టీచర్" అని దిగులుగా చెప్పింది బాతు.

ఏడోరోజు జరిగింది నేను కళ్ళారా చూశాను. గోదాముల వెనక రోడ్డు మా పెరటి గోడ పక్క నుంచే పోతుంది. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. బాతు అప్పటికే రెండు రౌండ్లు తిరిగింది. తల్లి షిఫ్టుకు వెళ్ళే సంచి భుజాన వేసుకుని వచ్చి, రోడ్డు పక్కన నిలబడింది. పిల్ల ఎదురుగా వచ్చింది, దాటింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"ఎడమ మోకాలు" అంది తల్లి. "కాసేపు బానే ఉంటుంది. పది పన్నెండు అడుగులకొకసారి వంగుతోంది. చేతులు అలిసినప్పుడే."

బాతు ఉన్నచోటే ఆగిపోయింది. "నీకెలా తెలిసింది?"

"రోజుకి ఎనిమిది వందల కాలర్లు చూస్తాను. దారం ఒక పోగు పక్కకి పోతే పట్టుకుంటాను. కడుపున పుట్టినదాని మోకాలు కనపడదా?"

పిల్ల వెళ్ళి తల్లి నడుము పట్టుకుంది. "చాల్చాల్లే, చెమట. నేను ఫ్యాక్టరీకి పోవాలి" అంది తల్లి, సంచి భుజం మీదికి సర్దుకుంటూ. గోడకు ఇవతల నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం షిఫ్టుకు ముందు అరగంట తల్లి ఆ రోడ్డు మీదే ఉండేది. వారం తిరక్కుండా ఒక ఉపాయం కనిపెట్టింది. ఫ్యాక్టరీలో పనికిరాదని పారేసే తెల్లటి పట్టీ తెచ్చి, పిల్ల ట్రాక్ ప్యాంటుకు తుంటి నుంచి మడమదాకా పక్కన నిలువుగా కుట్టింది. కాలు నిటారుగా ఉంటే పట్టీ గీత గీసినట్టుంటుంది, మోకాలు ఏమాత్రం వంగినా విరిగినట్టు కనిపిస్తుంది. ఆదివారం అది చూసిన మీటర్ మేడమ్ ప్యాంటు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎవరు కుట్టారిది?" అంది. తర్వాతి ఆదివారానికి తల్లి ఇంకో తొమ్మిది ప్యాంట్లకు పట్టీలు కుట్టి పంపింది.

మరుసటి ఏడాది జిల్లా పోటీలో బాతు రెండో స్థానంలో వచ్చింది. ఒక్క కార్డు లేదు, హెచ్చరిక కూడా లేదు. మొదటి అడుగు నుంచి చివరిదాకా, చూడ్డానికి వచ్చిన తల్లి రెప్ప వేసిందో లేదో నాకు అనుమానమే. స్టాప్‌వాచీ పట్టుకుని ముగింపు గీత దగ్గర నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టాను. ఆ రెసిడెన్షియల్ స్కూలు డ్రిల్లు మాస్టారే. పందెం అయ్యాక ఆయన బాతు దగ్గరికి వచ్చి, "ఆరోజు నున్నటి నేల మీద నడవనన్నది నువ్వే కదూ?" అని అడిగాడు. "మంచి పని చేశావు. అప్పుడు చూసుంటే నవ్వేవాణ్ణి."

రెండో దరఖాస్తుకు ఈసారి ఇంకో కాగితం జతచేసింది. అది మీటర్ మేడమ్ రాసింది. తన డ్యూటీ మొదలయ్యే వీధిని ఆ స్కూలు వీధిగా మార్చమని ఆఫీసులో అడిగి మార్పించుకుందట. వారానికి మూడు రోజులు ఐదుంబావుకు గేటు దగ్గర సంతకం పెట్టి పిల్లను తీసుకెళ్తాననీ, ఏడుకల్లా తెచ్చి అప్పగించి మళ్ళీ సంతకం పెడతాననీ, రాలేని రోజున పిల్ల బయటకు అడుగు పెట్టదనీ రాసింది. మన బాతు ఏడాదిగా వెతికిన దారి అది. ఆవిడను ఒప్పించడానికి ఎంత బతిమాలిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

ఈసారి ఇంటర్వ్యూకి తల్లి కూడా వచ్చింది. ఇద్దరం వరండా బెంచీ మీద కూర్చున్నాం. తలుపు ఈసారీ ఓరగానే ఉంది. ప్రిన్సిపాల్ ఒక ఫైలు తెరిచిన చప్పుడైంది.

"నిరుడు నాకొక ఉత్తరం రాశావు. నా మీద కోపంగా ఉంటుందని. ఇంకా ఉందా?"

"లేదు మేడమ్. అసలు రాలేదు. చేరితే వస్తుందని రాశాను."

"ఈసారి కూడా కుదరదంటే?"

"ఇంటి దగ్గరే నడుస్తాను మేడమ్. మా అమ్మ చూస్తుంది. ఇప్పుడు అమ్మకి బాగా తెలుసు."

"మరి ఇంత కష్టపడి ఇక్కడికి రావడం ఎందుకు?"

"ఇక్కడ సైన్సు ల్యాబ్ ఉంది మేడమ్. మా బళ్ళో మైక్రోస్కోప్ ఉంది గానీ దానికి అద్దం లేదు."

తల్లి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ అద్దం కోసం మూడేళ్ళుగా నేను పై ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను మరి.

లోపల ఫైలు మూసిన చప్పుడైంది. తర్వాత ప్రిన్సిపాల్ అన్న మాటలు: "నేనొచ్చి ఇరవై రెండేళ్ళు. సీటు వద్దని రాసినవాళ్ళు ముగ్గురున్నారు. వద్దని, మళ్ళీ వచ్చి అడిగింది నువ్వొక్కదానివే. మూడు నెలలు చూస్తాను. మార్కులు తగ్గితే గేటు మూసేస్తాను. సరేనా?"

"ఎంత తగ్గితే మేడమ్?" అంది బాతు.

లోపల అందరూ నవ్వారు. ఈసారి ప్రిన్సిపాల్ నవ్వు కూడా ఉందని బెంచీ మీద నుంచే తెలిసింది.

గేటు మూయలేదు. మూడు నెలలు ఏడాదయ్యాయి, ఏడాది కాస్తా ఇంటర్ అక్కడే పూర్తిచేసి హాస్టల్ విడిచేదాకా సాగింది. అలాగని అంతా నల్లేరు మీద బండిలా నడవలేదు. ఆ బళ్ళో సాయంత్రాలు హాకీ తప్పనిసరి. పరుగెత్తితే నడక పాడవుతుందని మొండికేస్తే డ్రిల్లు మాస్టారు గోల్‌కీపర్‌గా నిలబెట్టాడు. మొదటి నెలలోనే బంతి తగిలి దవడ వాచింది. మేం చూడబోయినప్పుడు ఒక చెంప బూరెలా ఉబ్బి ఉంది. తల్లి కంగారుపడుతుంటే, "పర్లేదమ్మా, గోల్ కాలేదు" అంది ఒకవైపు పెదాలతో. సోషల్‌లో ఎప్పుడూ బొటాబొటీ మార్కులే. ఒక టర్మ్ మొత్తం ఇంటి మీద బెంగతో చిక్కి సగమైంది. అయినా వారంలో ఆ మూడు ఉదయాలూ గేటు దగ్గర పుస్తకంలో సంతకం పడుతూనే ఉంది. మూడో ఏడు నాటికి మీటర్ మేడమ్ వెంట ఆ గేటు దాటి వెళ్ళే పిల్లలు ఐదుగురయ్యారు.

రాష్ట్ర జూనియర్ పోటీల్లో ఒకసారి రెండో స్థానం వచ్చింది. జాతీయ పోటీల్లో పదహారో స్థానం. పేపర్లో ఫోటో పడేంత గెలుపు ఇప్పటిదాకా లేదు. ఆమె దాని గురించి బాధపడగా నేను చూడలేదు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో ఏడు. పది కిలోమీటర్లు నడుస్తోంది. పిల్లలందరూ ముందు నడవడం, తర్వాత పరిగెత్తడం నేర్చుకుంటారనీ, తను మాత్రం ముందు పరిగెత్తి తర్వాత నడక నేర్చుకున్నాననీ చెప్పి నవ్వుతుంది.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. యూనివర్సిటీ పోటీలో ఐదో స్థానమట, తన పాత టైము కన్నా నలభై సెకన్లు తగ్గిందట. గొంతులో సంతోషం పొంగిపోతోంది. సెకన్ల లెక్క పూర్తిగా చెప్పి, నా ఆరోగ్యం అడిగింది. బీపీ పెరిగిందనీ, రోజూ నడవమని డాక్టర్ చెప్పాడనీ అన్నాను.

"ఎంతసేపు నడుస్తున్నారు టీచర్?"

"అరగంట."

అవతల చప్పుడు లేదు.

"పావుగంట" అన్నాను.

"టీచర్..."

"సరే తల్లీ, పది నిమిషాలు. అది కూడా వాన లేనప్పుడు."

"అయితే రేపటి నుంచి పన్నెండు చేయండి" అంది. "ఒక్కసారే పెంచకండి, కాళ్ళు పట్టేస్తాయి. ఆదివారం మళ్ళీ ఫోన్ చేస్తాను."